పరుపులావిడ జర్నీ

మా అత్తయ్యకి ఈ ప్రపంచంలో ఒకే ఒక్క పరుపు మీద నిద్ర పడుతుంది. అది ఆవిడ తన చేత్తో కుట్టుకున్న పరుపు. ఊళ్లో సగంమంది ఆవిడ చేసిన పరుపుల మీద గుర్రు పెట్టి నిద్రపోతారు గానీ, ఆవిడ మాత్రం ఇంకొకరు చేసిన పరుపు మీద నడుం వాల్చదు. చుట్టాలింటికి వెళ్లి ఎండకి సోలిపోయినా సరే, కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. దీన్ని జబ్బు అనాలో గర్వం అనాలో పెళ్లయిన కొత్తలో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు, రెండూను.

ఎందుకలా అని అడిగితే తప్పు తన వీపు మీదకి నెట్టేస్తుంది. చిన్నప్పట్నుంచీ దూదిలో చేతులు పెట్టి బతికిన మనిషి కదా, పడుకోగానే దూది ఎక్కడ గడ్డ కట్టిందో, ఏ మూల ఖాళీగా వదిలేశారో, కుట్టినవాడు ఎక్కడ పని ఎగ్గొట్టి టీ తాగడానికి వెళ్లాడో అన్నీ వీపుకి తెలిసిపోతాయట. అవన్నీ తెలిశాక నిద్రెలా వస్తుంది, ఒళ్లు మండుతుంది గానీ, అంటుంది. ఒకసారి వాళ్ల అన్నయ్యగారింట్లో రాత్రి ఉండిపోవలసి వచ్చి, తెల్లవార్లూ కూర్చుని, పొద్దున్నే అన్నయ్యతోనూ, వదినతోనూ, పాలు పోయడానికి వచ్చిన మనిషితోనూ వరసగా పోట్లాడి వచ్చేసిందట. ఆ తర్వాత ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. పొద్దున్న బయల్దేరితే పొద్దు గూకేలోపు ఇంట్లో పడాలి. అంతకంటే దూరాన ఉన్న ఊళ్లు ఆవిడ లెక్కలో లేనట్టే.

ఆ లేని ఊళ్లలో ఒకదానికి మా వదిన వెళ్లి కూర్చుంది.

వదిన అంటే మా ఆయన అక్క, అత్తయ్యకి ఒక్కగానొక్క కూతురు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఎవరిదో మంచాల దుకాణంలో పనిచేసి, చివరికి సొంతంగా పరుపుల దుకాణం పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం ప్రారంభం, అమ్మని తీసుకురా అని నాకు ఫోను చేసింది. తమ్ముడికి చేయకుండా నాకే ఎందుకు చేసిందంటే, తమ్ముడు అమ్మ ముందు నోరు విప్పడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అలాంటి పనులన్నీ ఆ ఇంట్లో నాకే వస్తాయి.

పరుపులు కుట్టే ఆ కుటుంబంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు మొదటి పరుపు మొత్తం కుట్టి, నడిమధ్య ఒక్క కుట్టు మాత్రం వదిలేస్తారు. పని నేర్పిన మనిషి ఆ దుకాణంలోకే వచ్చి, పొడుగాటి దబ్బనంతో పై నుంచి కిందికి ఆ నడిమి కుట్టు వేయాలి. అది పడితేనే తలుపులు తెరుస్తారు. ఆ పరుపు అమ్మరు, దుకాణం పెట్టినవాళ్లే దాని మీద పడుకుంటారు. అత్తయ్య పడుకునే పరుపు అలాంటిదే. దానికి నడిమి కుట్టు వేసింది వాళ్ల పిన్ని.

వదినకి పని నేర్పింది అత్తయ్య. కాబట్టి అత్తయ్యే వెళ్లాలి. కానీ నేరుగా వెళ్లే బస్సెక్కినా ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ సగం పగలు పడుతుంది. అత్తయ్య ససేమిరా అంది. దానికి అంతగా కావాలంటే పరుపు చుట్టేసి ఇక్కడికే తీసుకురమ్మను, కుట్టేసి పంపిస్తానంది. కుట్టు నా దుకాణంలోనే పడాలి, అమ్మ రాకపోతే షట్టరు ఎత్తేది లేదని వదిన అంది. తల్లీ కూతుళ్లిద్దరూ పట్టిన పట్టు విడిచే రకం కాదు. మధ్యలో ఫోను పట్టుకుని నా చెవి వేడెక్కింది.

అసలు సంగతి కుట్టు కాదని నాకు తెలుసు. వదిన మా దుకాణంలో పనిచేసే రోజుల్లో నేను చూశాను. ఆవిడ ఒక పరుపు పూర్తి చేసి గోడకి ఆనిస్తే, అత్తయ్య వచ్చి అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరి, మూల నొక్కి, ‘ఊఁ’ అనేది. ఆ తర్వాత నడుముకి వేలాడే కత్తెర తీసి పక్క కుట్టు విప్పేసేది. తిట్టేది కాదు, ఒక్క మాట అనేది కాదు. మళ్లీ దూది సర్ది తానే కుట్టేసేది. వదిన ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండేది. ఆవిడ చేతి పరుపు ఒక్కటి కూడా ఆవిడ కుట్టినట్టుగా మా గడప దాటలేదు. ఉద్యోగం కోసం ఊరు వదిలి వెళ్లిందని అందరూ అంటారు. ఆ కత్తెర వల్ల వెళ్లిందని నేనంటాను. ఇప్పుడు అమ్మ రాకపోతే ఆ దుకాణం తెరుచుకోదనేది ఒక్కటే కాదు, తన పని పనేనా కాదా అన్నది వదినకి ఎప్పటికీ తెలియకుండానే పోతుంది.

అత్తయ్యని కదిలించడానికి నాకు దొరికిన సాధనం ఒక ఇంగ్లీషు మాట.

నేను విద్యార్థుల పత్రికలో ఒక శీర్షిక రాస్తాను. నెలకొక ఇంగ్లీషు మాట తీసుకుని అది ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది చెప్పాలి. మా ఆయన దీన్ని మాటలకి పెళ్లిచూపులు అంటాడు. ఆ నెల నా వంతుకి వచ్చింది ‘జర్నీ’. దూరప్రయాణానికి ఇప్పుడు అందరూ వాడే మాట. అయితే అది పుట్టినప్పుడు దూరంతో దానికేమీ సంబంధం లేదు. ఫ్రెంచివాళ్లు రోజుని ‘జూర్’ అంటారు. ఒక రోజులో అయ్యేదంతా, అంటే ఒక రోజు పనయినా సరే, ఒక రోజు నడకయినా సరే, వాళ్ల పాత భాషలో దాన్నుంచి పుట్టిన మాటతోనే చెప్పేవారు. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చి, మొదట్లో ఒక రోజులో వెళ్లగలిగినంత దూరానికే సరిపెట్టుకుని, తర్వాత తర్వాత సాగి సాగి ఎంత దూరానికైనా సరిపోయింది.

సాయంత్రం దుకాణం కట్టేశాక అత్తయ్య తలగడకి గలేబు కుడుతుంటే పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. నేను మాటల గురించి చెప్పేటప్పుడు ఆవిడ సాధారణంగా ఊఁ కొడుతూ లోపల దారం లెక్క చూసుకుంటుంది. ఆ రోజు మాత్రం సూది ఆపింది.

"అంటే ఆ మాటలో రాత్రి లేదన్నమాట."

"లేదు అత్తయ్యా. పొద్దున్న బయల్దేరడం, పొద్దు గూకేసరికి ఆగడం. మన మజిలీ లాంటిదే."

"మరి బస్సుల మీద ట్రావెల్స్ అని రాస్తారు కదా, అదేమిటి?"

ఆ మాట మూలం వేరని చెప్పాను. ట్రావెల్ వచ్చింది కష్టపడడం అనే అర్థమున్న పాత మాట నుంచి, దాని వెనక్కి వెళ్తే మనుషుల్ని కట్టి హింసించే ఒక పరికరం పేరు తగులుతుందని పండితులు అంటారు. అత్తయ్య తల ఊపింది. ఆ మాట సంగతి తనకి అన్నయ్యగారింట్లోనే తెలిసిందనీ, అది వద్దు, మొదటిదే బాగుందనీ అంది. పనికీ నడకకీ ఒకే మాట పెట్టినవాళ్లెవరో బుద్ధిమంతులని కూడా మెచ్చుకుంది.

ఇనుము వేడిగా ఉన్నప్పుడే కొట్టాలని నేను మ్యాపు పరిచాను. ఒక్కసారిగా అంత దూరం అనుకోవద్దు, రోజుకొక జర్నీ చేద్దాం, శుక్రవారం ఒక ఊళ్లో ఆగుదాం, శనివారం ఇంకో ఊళ్లో ఆగుదాం, ఆదివారం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి వదిన దగ్గరుంటాం అన్నాను. ఏ రోజుకారోజే ఇంట్లోంచి బయల్దేరినట్టు అనుకోండి అన్నాను. మరి పడక మాటేమిటని ఆవిడ అడిగింది. మీ పడక మీరే తెచ్చుకోండి అన్నాను. ఆవిడ తలగడ పక్కన పడేసి, మంచి దూది ఏరి చుట్ట చుట్టడానికి వీలుగా ఒక పల్చటి పరుపు కుట్టడం మొదలుపెట్టింది. మా ఆయన లోపల్నుంచి తొంగి చూసి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

శుక్రవారం పొద్దున్న బస్సెక్కాం. పరుపు చుట్ట టాపు మీదకి ఎక్కించారు. కత్తెర, దబ్బనం, దారం ఉన్న సంచీ మాత్రం అత్తయ్య ఒళ్లోనే పెట్టుకుంది. కిటికీ పక్కన కూర్చుని చిన్నపిల్లలా ప్రతిదీ చూసింది. దారిలో కనిపించిన ప్రతి మేడ మీదా ఆరేసిన పరుపుల్ని చూసి అది ఎన్నాళ్లదో, ఎవరో పసిపిల్లాడు దాన్ని ఏం చేసి ఉంటాడో చెప్పింది. అమ్మయ్య, దారిలో పడ్డాం అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలకి బస్సు ఆగింది. నేను మంచినీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి అత్తయ్య ఒక లారీ డ్రైవరుతో మాట్లాడుతోంది. లావుపాటి మనిషి, చెయ్యి నడుం మీద పెట్టుకుని వంగి నిలబడ్డాడు. టాపు మీద ఉన్న చుట్టని చూసి, రాత్రింబవళ్లు బండి తోలి తన నడుం విరిగిపోయిందనీ, అలాంటి పరుపు సీటు వెనక వేసుకుంటే బాగుంటుందనీ అన్నాడట. అత్తయ్య వెంటనే దాన్ని కిందికి దింపించి, మూల నొక్కి చూపించి, ఏ దూదో చెప్పి, ఎండలో ఎలా వేయాలో చెప్పి, బేరం ఖాయం చేసేసింది. అతను చుట్టని భుజాన వేసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ చేతులు దులుపుకుని, మంచి బేరం చేసిన మనిషి ముఖంతో వచ్చి సీట్లో కూర్చుంది.

బస్సు కదిలి చాలా దూరం వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, నేను రాత్రి దేని మీద పడుకోవాలి?"

నేను తల పట్టుకున్నాను. వచ్చిన కొనుగోలుదారుని వట్టి చేతులతో పంపని మనిషి ఆవిడ. ఎదురుగా మనిషి నిలబడి పరుపు అడిగితే, అది తన పడక అన్న సంగతి ఆవిడకి గుర్తుకి వచ్చే అవకాశమే లేదు. కోపం వచ్చింది, కానీ నవ్వు ముందొచ్చింది. ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే దిగులు పడింది.

ఆ సాయంత్రం బస్సు స్టాండు పక్కనే ఒక చిన్న లాడ్జిలో దిగాం. రెండు మంచాలు, గోడకి ఒక అద్దం, కిటికీకి సగం తెర. అత్తయ్య తన మంచం మీది పరుపుని చూసిన చూపు నేను మరిచిపోలేను. కోర్టులో ముద్దాయిని అలా చూస్తారనుకుంటాను. పొద్దున్నదాకా కూర్చునే ఉంటుంది, రేపు బస్సులో నాతో, కండక్టరుతో పోట్లాడుతుంది, ఎల్లుండి వదినతో పోట్లాడుతుంది అనుకుంటూనే నేను మంచం మీద వాలాను. నాకు ఏ పరుపయినా ఒకటే, నిమిషంలో నిద్రపట్టేసింది.

తెల్లారి కళ్లు తెరిస్తే గదంతా దూది నూగు. అద్దం మీద, కిటికీ తెర మీద, నా జడలో కూడా. దిగ్గున లేచాను. అటు తిరిగి చూస్తే అత్తయ్య మంచం మీద పరుపు నిన్నటికి రెట్టింపు మందాన ఉంది. దాని మీద ఆవిడ ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. లాడ్జివాడి పరుపు విప్పి, దూదంతా చేత్తో విడదీసి, మళ్లీ నింపి కుట్టుకుని పడుకుంది. తన చేత్తో కుట్టిన పరుపు మీదే కదా నిద్ర పట్టేది మరి.

వేడినీళ్లు తెచ్చిన యజమాని గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. బక్కపల్చటి మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇది లాడ్జి అనుకున్నారా దూది మిల్లు అనుకున్నారా అని మొదలుపెట్టాడు. నేనూ ఊరుకునే రకం కాదు, నష్టం కట్టేస్తాం లెండి అని గొంతు పెంచాను. ఈ గొడవకి అత్తయ్య లేచి కూర్చుంది. అతని కళ్లు చూసింది. మంచం దిగి, ఒక్క నిమిషం పడుకో నాయనా అంది. అతను తిట్టుకుంటూనే, పెద్దావిడ మాట కాదనలేక చెప్పులతోనే పడుకున్నాడు. తిట్లు మెల్లగా తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. కాసేపటికి పైకప్పు చూస్తూ, ఈ లాడ్జి పెట్టినప్పట్నుంచీ తనకి సరిగ్గా నిద్ర లేదండీ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. తన పరుపు కూడా చేసిపెట్టమని బతిమాలాడు. అత్తయ్య చేతులు అప్పుడే సంచీ వైపు వెళ్లాయి. నేను ఆవిడని దాదాపు ఎత్తుకుని బస్సెక్కించాను.

అతను అంతటితో ఊరుకుంటే బాగుండేది. మేం తర్వాత ఆగబోయే ఊళ్లో లాడ్జి ఉన్న తన బావమరిదికి ఫోను చేశాడు. శనివారం సాయంత్రం మేం బస్సు దిగేసరికి ఆ బావమరిది చిరునవ్వుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. సంచీలు తానే అందుకున్నాడు. లాడ్జి పెరట్లో పరుపులు గుట్టగా పోసి ఉన్నాయి. వాటిని చూడగానే అత్తయ్య నడక మారింది. నేను ముందే గట్టిగా చెప్పాను, ఇవాళ ఒక్కటే, అదీ మీరు పడుకునేది మాత్రమే, పొద్దున్న మొదటి బస్సుకి వెళ్లాలి అని. సరేనంది. బుద్ధిగా ఒకటి విప్పి కుట్టుకుని, దాని మీదే పడుకుంది.

పొద్దున్న నేను లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. పెరట్లోకి పరిగెత్తాను. అత్తయ్య చుట్టూ లాడ్జి పనివాళ్లు, బావమరిది, అతని భార్య, అందరూ దూది పీకుతున్నారు. ఆవిడ మధ్యలో కూర్చుని మూల ఎలా నింపాలో చూపిస్తోంది. ఆవిడకి ఒళ్లే తెలియడం లేదు. గేటు ముందు బస్సు హారను కొట్టింది, కొట్టింది, వెళ్లిపోయింది. తర్వాతి బస్సు ఎప్పుడని అడిగితే ఎండెక్కాక అన్నారు. దాంట్లో వెళ్తే వదిన ఊరు చేరేది సాయంత్రానికే.

నా కోపం అప్పుడు కట్టలు తెంచుకుంది. పక్కన ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

"అక్కడ మీ కూతురు జనాన్ని పిలిచి పెట్టుకుని మీ కోసం చూస్తోంది. మీరిక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ల పరుపులు కుడుతున్నారు."

"వీళ్లవి మరీ అన్యాయంగా ఉన్నాయి అమ్మాయ్."

"మీకు అందరివీ అన్యాయంగానే ఉంటాయి. వదినవీ అలాగే ఉండేవి. ఇప్పుడు అక్కడికి వెళ్లి, నలుగురి ముందు ఆ పరుపు కూడా విప్పుతారు. దానికోసమే అయితే వెళ్లడం దేనికి? వెనక్కే పోదాం పదండి."

దూది పీకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. అత్తయ్య నా వైపు చూసింది. ఇన్నేళ్లలో నేను ఆవిడ మీద చాలాసార్లు విసుక్కున్నాను, ఆవిడ నా మీద అంతకంటే ఎక్కువ విసుక్కుంది. కానీ ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. దెబ్బ తగిలిన మనిషి చూపు. అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. ఆవిడ చేతిలోని పరుపుకి చివరి కుట్టు వేసి, దారం తెంపి, లేచి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుంది.

బస్సులో మళ్లీ కిటికీ పక్కనే కూర్చుంది. మేడల మీద పరుపులు వెళ్లిపోతున్నా ఒక్కదాని గురించీ చెప్పలేదు. నేను వదినకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. ఎంత ఆలస్యమైనా అమ్మ వచ్చేదాకా షట్టరు ఎత్తనని వదిన అంది. ఫోను పెట్టేశాక అత్తయ్య నా వైపు తిరిగింది.

"అది నీతో చెప్పుకుని ఏడ్చిందా?"

"ఎవరికీ చెప్పలేదు. నేను చూశాను."

"బాగోకే విప్పాను."

"ఒక్కటి కూడా బాగోలేదా అత్తయ్యా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బయట ఉప్పు మడులు మొదలయ్యాయి, గాలి మారింది.

"ఏమో. చేత్తో చూసేదాన్ని. ఒక్కదాని మీదా పడుకుని చూడలేదు."

తర్వాత సంచీ తెరిచి, కత్తెర బయటికి తీసింది. చేతిరుమాల్లో చుట్టి నాకు ఇచ్చి, నీ సంచీలో పెట్టుకో, నేనడిగినా ఇవ్వకు అంది. దాన్ని నా బట్టల అడుగున దోపాను. ఏదో ఒకటి అనాలని, ఇంకా ఎంత దూరమో అన్నాను. దూరం సంగతి నీకే తెలియాలి, మాటల పండితురాలివి కదా అని ఎత్తిపొడిచింది. అమ్మయ్య, అత్తయ్య మళ్లీ అత్తయ్య అయిందని స్థిమితపడ్డాను.

మేం చేరేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. వదిన దుకాణం ఒక సందు మలుపులో ఉంది. షట్టరు మనిషి వంగి వెళ్లేంత మాత్రమే ఎత్తి ఉంది. బయట వేసిన కుర్చీల్లో ఇరుగుపొరుగు దుకాణాలవాళ్లు, దర్జీ, మంచాలు చేసే వడ్రంగి, ఇంకా నలుగురైదుగురు ఓపిగ్గా కూర్చుని ఉన్నారు. లోపల కొత్త రంగు వాసన, కొత్త గుడ్డ వాసన. చెక్క బల్ల మీద నీలం చారల పరుపు, దాని నడిమధ్య కుట్టు పడవలసిన చోట సుద్దముక్కతో పెట్టిన చిన్న గుర్తు. పక్కనే పళ్లెంలో దారం ఎక్కించిన దబ్బనం.

వదిన అమ్మని చూసి ముందుకి వచ్చింది, సగంలో ఆగిపోయింది. అత్తయ్య కూడా కూతుర్ని పలకరించలేదు. నేరుగా పరుపు దగ్గరికి వెళ్లింది. అరచేత్తో పై నుంచి కింది దాకా నిమిరింది. మూల నొక్కింది. రెండో మూల నొక్కింది.

"ఊఁ," అంది.

వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. అదే ‘ఊఁ’. అత్తయ్య చెయ్యి అలవాటుగా నడుం దగ్గరికి వెళ్లి, అక్కడ ఏమీ లేక ఆగింది. నా వైపు తిరిగి చెయ్యి చాచింది. నేను సంచీని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, నీ భుజం ఆసరా ఇవ్వవే, బల్ల ఎత్తుగా ఉంది అంది.

నా భుజం పట్టుకుని, చెప్పులు విడిచి, పరుపు ఎక్కింది. వెల్లకిలా పడుకుంది. కళ్లు మూసుకుంది. మేం ముగ్గురం మిగిలాం, నేను, వదిన, ఆ పళ్లెంలో దబ్బనం. ఇప్పుడు చెబుతుంది ఎక్కడ గడ్డ ఉందో, ఇప్పుడు చెబుతుంది ఏ మూల ఖాళీ ఉందో అని నేను చూస్తున్నాను. వదిన తన చీర కొంగుని వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. అత్తయ్య పక్కకి ఒత్తిగిలింది. ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుంది. మేం ఇంకా చూస్తూనే ఉన్నాం.

అప్పుడు సన్నగా గురక వినిపించింది.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిజంగానే నిద్రపోయిందా, కళ్లు తిరిగి పడిపోయిందా అని చెవిలో అడిగింది. నిజంగానే నిద్రపోయింది వదినా అన్నాను. వదిన నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. నాకూ కళ్లు నిండాయి. ఏం చేయాలో తోచక ఇద్దరం ఒకరి వీపు ఒకరం తట్టుకున్నాం.

దర్జీ షట్టరు కింద నుంచి తల పెట్టి, అమ్మా, ప్రారంభం ఎప్పుడు అని అడిగాడు. వదిన వేలు పెదవుల మీద పెట్టుకుని, మా అమ్మ నిద్రపోతోంది, నెమ్మదిగా మాట్లాడండి అంది. ఆ మాట ఎంత గర్వంగా అందంటే, దుకాణం ప్రారంభమైపోయిందనే వాళ్లంతా అనుకున్నారు. కుర్చీల్లో కూర్చునే చల్లటి పానీయాలు తాగి, మెట్ల మీద అడుగుల చప్పుడు కాకుండా ఇళ్లకి వెళ్లిపోయారు.

వీధి దీపాలు వెలిగాక అత్తయ్య లేచి కూర్చుంది. ముఖం మీద చారల గుడ్డ గుర్తులు పడ్డాయి. తెల్లారిందా అని అడిగింది. కాదు, ఇప్పుడే పొద్దు గూకింది అన్నాను. ఆవిడ కాసేపు చుట్టూ చూసి, తానెక్కడుందో గుర్తుకి తెచ్చుకుని, కింద కూర్చున్న వదిన వైపు చూసింది. బల్ల దిగి, పళ్లెంలోని దబ్బనం తీసుకుంది. తీసుకుని కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే వెయ్యి."

"పద్ధతి అది కాదు కదమ్మా. నేర్పినవాళ్లు వేయాలి."

"దూది ఇంత మెత్తగా సర్దడం నేను నేర్పలేదే. నాకు రాదది."

వదిన లేచి నిలబడింది. సుద్ద గుర్తు మీద దబ్బనం నిలబెట్టి, ఒక్క పోటుతో కిందికి దించింది. అత్తయ్య కింద నుంచి దారం అందుకుని, లాగి, ముడి వేసింది. ఆ తర్వాత నేను వెళ్లి షట్టరు పూర్తిగా పైకి ఎత్తాను. వీధిలో ఎవరూ లేరు, ఎదురింటి అరుగు మీద ఒక పిల్లి ఉంది.

తిరుగు ప్రయాణం ఎప్పుడని నేను అడిగాను. రేపటి సంగతి రేపు చూద్దాం, ఇవాల్టి జర్నీ ఇంతటితో అయిపోయింది అంది అత్తయ్య. వదిన ఆ మాటకి అర్థం అడిగితే, నీ మరదలిని అడుగు, రోజంతా చెబుతుంది అంది. నేను నిజంగానే చెప్పబోయాను, ఎవరూ వినలేదు.

భోజనాలయ్యాక పడకల మాట వచ్చింది. వదిన ఉండేది దుకాణంలోనే, అక్కడ ఉన్నది ఆ ఒక్క పరుపు. అది దుకాణం పెట్టినవాళ్లే పడుకోవలసిన పరుపు, పద్ధతి ప్రకారం వదినది. వదిన దాని మీద దుప్పటి పరిచే లోపే అత్తయ్య ఎక్కి కూర్చుంది.

"నీది నీకు తర్వాత ఇస్తాను. ఇక్కడున్నన్నాళ్లూ నేను దీని మీదే పడుకుంటాను. నువ్వు నేల మీద పడుకో."

వదిన నేల మీదే పడుకుంది. అంత సంతోషంగా నేల మీద పడుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.